అబిస్కోలో డ్రయాస్ విరగబూసింది, తేనెటీగ ఒక్కటీ లేదు. నా లెక్క ఎక్కడ తప్పుతోంది?

రవళి_లూలియో
జూన్ మూడో వారం, ఉత్తర స్వీడన్, అబిస్కో. న్యుల్లా కొండ అడుగున రాతి గట్టు మీద డ్రయాస్ తెల్ల దుప్పటి పరిచినట్టు పూసి ఉంది. ఎనిమిది రేకుల పువ్వు, ఇక్కడివాళ్ళు ఫ్యెల్‌సిప్పా అంటారు. 50 సెంటీమీటర్ల చదరపు చట్రం నేల మీద పెట్టి ఆరు లెక్కలు తీశాను, ఒక్కోటీ పది నిమిషాలు. అన్నీ పొద్దున 8 నుంచి 10 లోపే. తేనెటీగలు సున్నా. బంబుల్‌బీలు (తేనెటీగ జాతిలోనే లావుగా, బొచ్చుతో ఉండేవి) సున్నా. నల్లటి చిన్న ఈగలు మాత్రం బోలెడు. అవి ఊరికే ఎండకి కూర్చున్నట్టు అనిపించి లెక్కలో వేయలేదు. కింద బర్చ్ అడవిలో బిల్‌బెర్రీ పూల దగ్గరా ఇదే వరస.
పుప్పొడి మోసే పురుగులు తగ్గిపోతున్నాయని చదువుతున్నాం కదా, ఇది అదేనా? లేక నేను చూసిన తీరులోనే లోపం ఉందా? ఈ పూలకి గింజ కడుతుందో లేదో తేల్చుకునే పరీక్ష ఏదైనా ఉంటే అది కూడా చెప్పండి.

ఈగలమేడ
మీరు పక్కన పెట్టేసిన ఆ నల్ల ఈగలే మీ ప్రశ్నకి జవాబు. అవి మన ఇంటి ఈగ కుటుంబానివే, మస్సిడ్ ఈగలంటారు. ఉత్తరానికి పోయేకొద్దీ పూల దగ్గర పెత్తనం వీటి చేతికి వస్తుంది.
ఈశాన్య గ్రీన్‌లాండ్‌లో 74 డిగ్రీల అక్షాంశం దగ్గర జాకెన్‌బర్గ్ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ డ్రయాస్ పువ్వులాంటి బొమ్మపూలకి జిగురు పూసి, అంటుకున్న పురుగుల్ని డీఎన్‌ఏ ద్వారా గుర్తుపట్టారు. స్పిలోగోనా శాంక్టిపౌలి అనే మస్సిడ్ ఈగ ఎక్కువున్న చోట డ్రయాస్‌కి గింజ కూడా బాగా కట్టిందని తేలింది. 2016లో అచ్చయిన ఫలితం.
ఎండకి కూర్చున్నాయి అన్నారు చూడండి, నిజమే, ఎండకే కూర్చుంటాయి. పని జరిగేదే దానివల్ల. పువ్వు గిన్నెలా ఉంటుంది, మధ్యలో వెచ్చగా ఉంటుంది. ఒళ్ళు కాగాక ఈగ ఇంకో పువ్వు మీదికి ఎగురుతుంది. కాళ్ళకీ, రొమ్ము వెంట్రుకలకీ అంటిన పుప్పొడి దాంతోపాటే పోతుంది.

వరంగల్_వాసు
గట్లయితే ఈగ ఏదో, ఈగ లెక్క కనబడే చిన్న తేనెటీగ ఏదో ఎట్ల తెల్వాలె? ఫొటోలల్ల అన్నీ ఒక్కతీరుగనే ఉన్నయి.

ఈగలమేడ
వాసు గారూ, అందరూ రెక్కలు లెక్కపెట్టమంటారు. ఈగకి రెండు, తేనెటీగ జాతికి నాలుగు. కానీ తేనెటీగ ముందు రెక్క, వెనక రెక్క చిన్న చిన్న కొక్కేలతో కలిసిపోయి ఒకటే రెక్కలా కనిపిస్తాయి. అందుకని మొదట మీసాలు చూడండి. ఈగ మీసాలు పొట్టిగా, మొహానికి అతుక్కున్నట్టు ఉంటాయి. తేనెటీగవి పొడుగ్గా, మోచెయ్యిలా మడత పడి ఉంటాయి. తర్వాత కళ్ళు. ఈగ తలలో చాలా భాగం కళ్ళే, తేనెటీగకి తల పక్కల కోలగా ఉంటాయి. వెనక కాలికి పుప్పొడి మూట ఉందంటే ఇక అది ఈగ కాదు.
బోల్తా కొట్టించేవి సిర్ఫిడ్ ఈగలు. కొన్నిటికి పసుపు, నలుపు చారలు. కొన్ని అచ్చం బంబుల్‌బీలా బొచ్చుతో ఉంటాయి. పువ్వు ముందు గాల్లో కదలకుండా నిలబడిందంటే సిర్ఫిడ్ అని చాలావరకు నమ్మొచ్చు.

కిరునా_భాస్కర్
లోపం టైములోనూ ఉంది. జూన్‌లో అబిస్కోలో సూర్యుడు అస్తమించడు కాబట్టి ఎప్పుడు చూసినా ఒకటే అనుకుంటాం. కానీ రాత్రంతా ఎండ ఏటవాలుగా పడి నేల చల్లారిపోతుంది. ఎనిమిదింటికి ఇంకా కాగదు. 11 నుంచి 4 మధ్య తీయండి. కొండ నీడ మీ గట్టు మీద ఎన్నింటి దాకా ఉంటుందో కూడా ముందే చూసుకోండి.
మీరు వాడిన చట్రం, పది నిమిషాలు బ్రిటన్‌లో మామూలు జనం చేత చేయించే లెక్కలోవి. ఎండ ఉంటే కనీసం 13 డిగ్రీలు, మబ్బుగా ఉంటే 15 ఉండాలని అక్కడి నియమం. అబిస్కోలో ఆ గీత పెట్టుకుంటే చాలా రోజులు చేతులు కట్టుకుని కూర్చోవాలి. గీత తీసేసి, ప్రతి లెక్క పక్కనా ఉష్ణోగ్రత, గాలి, మబ్బు రాయండి. చట్రంలో విచ్చిన పూలు ఎన్నో ముందు రాయండి. 5 పూలకి 3 ఈగలు రావడం వేరు, 60 పూలకి 3 రావడం వేరు. వాలిన ప్రతిసారీ లెక్కా, లేక ఒక పురుగుని ఒక్కసారేనా అన్నది కూడా మొదలుపెట్టకముందే తేల్చుకోండి, మధ్యలో మార్చొద్దు.
ఉష్ణోగ్రత కూడా వాతావరణ కేంద్రం అంకె కాదు, అది మనిషి ఎత్తున కొలిచింది. పువ్వు ఉండేది నేలకి బెత్తెడు ఎత్తులో. థర్మామీటరు అక్కడే నీడలో పెట్టాలి.

మంచుమల్లి
పువ్వు వేడిని ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో కొలిస్తే సరిపోతుందా? చేతిలో ఉన్నది 12:1 అని రాసి ఉన్నది.

కిరునా_భాస్కర్
12:1 అంటే 60 సెంటీమీటర్ల దూరం నుంచి 5 సెంటీమీటర్ల వెడల్పు జాగా మొత్తం సగటు చూపిస్తుంది. డ్రయాస్ పువ్వు మూడు సెంటీమీటర్లు. అంటే పువ్వుతోపాటు కాగిన రాయిని కూడా కొలుస్తున్నారన్నమాట. 20 సెంటీమీటర్ల దగ్గరికి రావాలి, మీ నీడ దాని మీద పడకూడదు. అది పక్కన పెట్టి, కొస తగిలిన చోట వేడిని కొలిచే సన్న థర్మోకపుల్ తీగ వాడితే మేలు. 0.1 లేదా 0.2 మిల్లీమీటర్ల తీగ, కొస పువ్వు మధ్యలో కీలాగ్రాలకి తగిలేలా పెట్టాలి. లావు తీగ అయితే ఎండకి అదే కాగి అబద్ధం చెబుతుంది.
ఈ వేడి సంగతి కొత్తది కాదు. కెనడా ఎల్స్‌మీర్ దీవిలో పీటర్ కెవన్ డ్రయాస్, ఆర్కిటిక్ గసగసాల పూల మీద చేసిన పని 1975లో వచ్చింది. ఈ పూలు సూర్యుడి వైపే తిరుగుతూ ఉంటాయి, రేకులు ఎండని మధ్యకి పోగుచేస్తాయి. ఎండ ఉంటే గాలికంటే పువ్వు లోపల కొన్ని డిగ్రీలు ఎక్కువ. మబ్బు పట్టిందంటే ఆ తేడా దాదాపు పోతుంది, ఈగలూ పోతాయి. మబ్బు లెక్కని ఎండ లెక్కతో కలిపి సగటు తీయొద్దనేది అందుకే.

బంబుల్_పక్షం
డ్రయాస్ వరకు ఈగలమేడ గారి మాట ఒప్పుకుంటాను. పెత్తనమంతా ఈగలదే అంటే మాత్రం ఒప్పుకోను. గిన్నెలా విచ్చుకున్న పువ్వు ఎవరికైనా అందుతుంది. నోరు మూసుకున్న పువ్వుల సంగతేంటి? పెడిక్యులారిస్, ఆస్ట్రగాలస్, అకోనైట్, వీటిని తెరిచే బలం ఈగకి లేదు. స్కాండినేవియా అకోనైట్ పువ్వు టోపీలా ఉంటుంది, తేనె ఆ టోపీ కొసన దాగి ఉంటుంది. పొడుగు నాలుక ఉన్న బాంబస్ కాన్సోబ్రైనస్ అనే బంబుల్‌బీ ప్రధానంగా దాని మీదే బతుకుతుంది. బాంబస్ వుర్‌ఫ్లేనియై అయితే పళ్ళున్న దవడలతో టోపీకి కన్నం పెట్టి తేనె దొంగిలిస్తుంది, పుప్పొడి ముట్టదు. అకోనైట్ దగ్గర లెక్క తీసేవాళ్ళు టోపీ పైన కన్నం ఉందేమో తప్పక చూడాలి. కన్నం దగ్గర వాలినదాన్ని వేరే గడిలో రాయాలి.
బిల్‌బెర్రీ కూడా అంతే రవళి గారూ. ఆ బుడ్డి పువ్వు తల కిందికి వేలాడుతుంది. పుప్పొడి తిత్తులు కొసన చిన్న రంధ్రంతోనే తెరుచుకుంటాయి. బంబుల్‌బీ పువ్వుని పట్టుకుని ఒళ్ళు గిర్రున వణికిస్తే పుప్పొడి రాలుతుంది. మన వంకాయ, టమాటా పూలకి జరిగేది ఇదే.
ఇక తేనెటీగ కోసం అక్కడ వెతకొద్దు. ఎవరైనా పెట్టెలు పెడితే తప్ప ఉండదు, పది పన్నెండు డిగ్రీల లోపు గూడు దాటడమే దానికి కష్టం. బంబుల్‌బీ రాణి ఎగిరే కండరాల్ని వణికించి రొమ్ముని 30 డిగ్రీలకి పైగా కాచుకుంటుంది. అందుకే నీళ్ళు గడ్డకట్టడానికి కొంచెం పైన ఉన్న చలిలో కూడా ఎగరగలదు.

ఈగలమేడ
అకోనైట్ మాట ఒప్పుకుంటున్నా. నేను చెప్పింది విచ్చిన పూల సంగతి, అది సరిగ్గా రాయలేదు. అయితే ఇంకా పైకి పోతే బంబుల్‌బీలు ఎంత పలచబడతాయో కూడా చూడాలి. ఎల్స్‌మీర్‌లో రెండే జాతులు, బాంబస్ పోలారిస్, బాంబస్ హైపర్‌బోరియస్. ఆ రెండోది సొంత గూడు కట్టదు, పోలారిస్ గూట్లో చొరబడి దాని పనివాళ్ళతో తన పిల్లల్ని పెంచుకుంటుంది.

పల్లెపూలు
బంబుల్‌బీ, బంబుల్‌బీ అనడం ఎందుకండీ, చక్కగా తుమ్మెద అనొచ్చు కదా.

బంబుల్_పక్షం
అనొచ్చు, కానీ తికమక వస్తుంది. మన ఊళ్ళో తుమ్మెదంటే ఎండు కర్రకీ వెదురుకీ బొక్క పెట్టే నల్లనిది, నీలిరంగు రెక్కలది. దాని బతుకు చాలావరకు ఒంటరి బతుకు. బంబుల్‌బీకి రాణి, పనివాళ్ళు, గూడు ఉంటాయి. ఉత్తరాన గూడు ఎక్కువగా ఎలుకలు, లెమ్మింగ్‌లు వదిలేసిన బొరియల్లోనే. హిమాలయాల్లో బంబుల్‌బీలు చాలా జాతులున్నాయి, మన మైదానాల్లో లేవు. లేనిదానికి ఉన్నదాని పేరు పెడితే వంకాయ పువ్వు మీద చూసింది కూడా ఇదే అనుకుంటారు. ఆ వణికించే పని మన దగ్గర చేసేవాటిలో తుమ్మెద ఒకటి, అది వేరే సంగతి.

ట్రోమ్సో_తులసి
మూసుకున్న పువ్వు ఈగకి అందదు అన్నారు కదా, ఒక్క పువ్వు దగ్గర ఆ మాట తప్పు. ట్రోలియస్. స్వీడిష్‌లో స్మోర్‌బోల్ అంటే వెన్న ముద్ద, ఫిన్నిష్‌లో కుల్లెరో. తడి పచ్చికల్లో పసుపు బంతిలా, ఎప్పుడూ విచ్చుకోకుండా ఉంటుంది. ఆ పసుపు రేకులు నిజానికి రక్షక పత్రాలు. అసలు ఆకర్షక పత్రాలు లోపల సన్నగా, తేనె ఊరే గొట్టాల్లా ఉంటాయి.
కియాస్టోకీటా అనే చిన్న ఈగలు ఆ బంతి పైనున్న సందులోంచి దూరి లోపలే తిరుగుతాయి, లోపలే జతకడతాయి, అండాశయాల మీద తెల్లటి గుడ్లు పెడతాయి. తిరిగేటప్పుడు పుప్పొడి పూస్తాయి. గుడ్లోంచి వచ్చిన పురుగు కొన్ని గింజలు తినేస్తుంది, మిగతావి మొక్కకి దక్కుతాయి. కూలి గింజల రూపంలో ఇచ్చుకున్నట్టే. పువ్వు ఒక్కటికి గుడ్లు మరీ ఎక్కువైతే మొక్కకి నష్టం.
చూడాలంటే ఎండపూట రెండు వేళ్ళతో పైన రేకుల్ని మెల్లగా ఎడం చేయండి, చింపొద్దు. చట్రం పెట్టి పైనుంచి చూస్తే ఈ పువ్వుకి లెక్క ఎప్పుడూ సున్నాయే వస్తుంది, ఎందుకంటే జరిగేదంతా లోపలే. కాయలు గట్టిపడ్డాక ఒక్కో కాయలో నిండు గింజలు, తొలిచిన గింజలు వేరుచేసి లెక్కపెడితే ఈగ ఎంత పుచ్చుకుందో తెలుస్తుంది.

వరంగల్_వాసు
గింజలు తిననిచ్చి పని చేయించుకునుడు మస్తుగున్నది. తులసి గారూ, ఆ ఈగ రాకపోతే పువ్వు ఏమైతది?

ట్రోమ్సో_తులసి
గింజ కట్టడం బాగా పడిపోతుంది. ఎప్పుడైనా వేరే పురుగు దూరుతుంది కానీ దాని మీద ఆధారపడలేం. అందుకే తడి పచ్చికని పువ్వు దశలో కోసేస్తే దెబ్బ రెండు వైపులా పడుతుంది. మొక్కకి గింజ లేదు, ఈగకి పిల్లల తిండి లేదు.

గింజలసంచి
రవళి గారు అడిగిన పరీక్ష చెబుతున్నా. అబిస్కో 1909 నుంచి జాతీయ ఉద్యానవనం. దాని హద్దుల్లో అనుమతి లేకుండా కోయడం, సంచులు కట్టడం చేయకండి. హద్దు బయట, స్థలం వాళ్ళని అడిగి చేయండి.
నాలుగు గుంపులు కావాలి. ఒకటి, ముట్టుకోకుండా వదిలేసినవి. రెండు, మొగ్గ దశలోనే సంచి కట్టినవి. మూడు, సంచి కట్టి చేత్తో పుప్పొడి రాసినవి. నాలుగు, సంచి లేకుండా అదనంగా చేత్తో రాసినవి. ఒక్కో గుంపుకి కనీసం 20 పూలు. డ్రయాస్ చాపలా పాకుతుంది, ఒక చాప అంతా ఒకే మొక్క కావచ్చు. అందుకని 20 పూలూ ఒకే చాపలోంచి తీస్తే ఒక్క మొక్కని 20 సార్లు కొలిచినట్టే. నాలుగు గుంపుల్లోంచీ ఒక్కో పువ్వు ఒకే చాపలో ఉండేలా, 20 చాపలు తీసుకోండి. చేత్తో రాసే పుప్పొడి కనీసం పది మీటర్ల అవతలి చాప నుంచి తేవాలి. తిత్తులు పగిలి పొడి కనిపిస్తున్న పువ్వుని పట్టకారుతో పట్టుకుని కీలాగ్రాల మీద మెల్లగా రుద్దండి. మర్నాడు ఇంకోసారి.
సంచికి నగల దుకాణంలో ఇచ్చే ఆర్గంజా సంచి చాలు. కానీ నేరుగా కట్టొద్దు. గాలికి గుడ్డ కొట్టుకుని పువ్వు సొంత పుప్పొడి సొంత కీలాగ్రానికే రాసుకుంటుంది, అప్పుడు పురుగు లేకపోయినా గింజ కడుతుందని తప్పుగా తేలుతుంది. ఇనప తీగతో రెండు వంపులు అడ్డంగా గుచ్చి, గుడ్డ వాటి మీద పరిచి, అంచులు రాళ్ళతో నొక్కండి. అంచు ఖాళీ ఉంటే ఈగ నేల మీదుగా నడిచి లోపలికి పోతుంది.
గుడ్డ లోపల వేడి పెరగొచ్చు, ఎండ తగ్గొచ్చు. కొన్ని పూలకి పక్కలు తెరిచిన సంచి కట్టి, లోపలా బయటా ఉష్ణోగ్రత కొలిస్తే ఆ తేడా ఎంతో తెలుస్తుంది. రేకులు రాలగానే సంచి తీసేయండి.

రవళి_లూలియో
గింజ ఎప్పుడు కోయాలి? ఆ ఈకలు గాలికి పోవా?

గింజలసంచి
పోతాయి, చాలామంది అక్కడే దెబ్బతింటారు. కీలాలు పొడుగ్గా ఈకల్లా పెరిగి మొదట ఒకదానికొకటి మెలిపడి కుంచెలా ఉంటాయి. పండాక మెలిక విప్పుకుని గుత్తిగా విచ్చుకుంటాయి. మెలిక వదలడం మొదలైన రోజే మళ్ళీ సంచి కట్టండి, రెండు మూడు రోజులకి కోయండి. తర్వాత గింజని గోటితో నొక్కి చూడండి. నిండుది గట్టిగా ఉంటుంది, తాలుది చప్పగా అణిగిపోతుంది.
గుర్తులకి ప్లాస్టిక్ చీటీలు నిలబెట్టకండి, రెయిన్‌డీర్, లెమ్మింగ్‌లు కొరికి పారేస్తాయి. అల్యూమినియం చీటీ నేలకి ఆనించి మేకు కొట్టండి, జీపీఎస్ కూడా రాసుకోండి.
మొదటి గుంపుకీ నాలుగో గుంపుకీ తేడా లేకపోతే మీ గట్టు మీద పురుగులు సరిపోయాయి. నాలుగోదానికి బాగా ఎక్కువ కడితే పుప్పొడి చాలలేదు. మూడోదానికి కూడా కట్టకపోతే మీ చేతి పనో, చలో కారణం, పురుగులది కాదు.

మంచుమల్లి
ఈ పరీక్ష ఏ పువ్వుకి పడితే ఆ పువ్వుకి పెట్టొద్దు. బిస్టోర్టా వివిపారా కంకి చూడండి, పైన తెల్ల పూలు, కింద బఠాణీకంటే చిన్న బుడిపెలు. అవి గింజలు కావు, నేల మీద పడి నేరుగా మొలిచే పిలకలు. దానికి పురుగు రాకపోయినా బతుకు ఆగదు. ఊదా సాక్సిఫ్రేజ్ దీనికి పూర్తి ఎదురు. మంచు కరగ్గానే పూస్తుంది, ఎందుకంటే మొగ్గ కిందటి వేసవిలోనే తయారై ఉంటుంది. ముందు కీలాగ్రం పండి తర్వాత పుప్పొడి రాలుతుంది, కాబట్టి ఇంకో పువ్వు పుప్పొడి అందడం ముఖ్యం. ఆ టైములో పూలూ తక్కువే, పురుగులూ తక్కువే.

ఈగలమేడ
ఇంకొక్క మాట. వాలిన ప్రతి పురుగూ పుప్పొడి మోసేది కాదు. మోస్తోందా అన్నది తేలాలంటే ఫుక్సిన్ జెల్లీ చేసుకోండి. 35 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ నీళ్ళు, 30 మిల్లీలీటర్ల గ్లిజరిన్, 10 గ్రాముల జెలాటిన్, లేత ఎరుపు వచ్చేంత బేసిక్ ఫుక్సిన్ పొడి. నీళ్ళలో జెలాటిన్ మెల్లగా కరిగించి మిగతావి కలపండి, మరగనివ్వొద్దు. చేతులకి తొడుగులు తప్పనిసరి, ఆ రంగు ఒంటికి మంచిది కాదు. ఫ్రిజ్‌లో పెట్టకపోతే బూజు పడుతుంది. మిరియం గింజంత ముక్కతో పురుగు రొమ్ము కింద ఒత్తి, ఆ ముక్కని గాజు పలక మీద వెచ్చజేసి, పైన పలచటి గాజు బిళ్ళ మూసి మైక్రోస్కోపులో చూస్తే పుప్పొడి గులాబీ రంగులో కనిపిస్తుంది. పోల్చుకోవడానికి చుట్టుపక్కల పూసిన ప్రతి జాతి పుప్పొడి పలకలూ ముందే చేసిపెట్టుకోవాలి.

పల్లెపూలు
దోమలు కూడా లెక్కలోకి వస్తాయా? ఆ ఊళ్ళలో దోమలు దండిగా ఉంటాయంటారు.

ట్రోమ్సో_తులసి
వస్తాయి, పూల మీద వాలితే రాయండి. కుట్టేది ఆడదే కానీ తేనె తాగేవి ఆడా మగా రెండూ. ప్లాటాంథెరా ఆబ్టుసాటా అనే చిన్న పచ్చ ఆర్కిడ్‌కి దోమలే ముఖ్యం. ఉత్తర అమెరికాలో బాగా చూశారు, దోమ కంటికి పుప్పొడి మూట పసుపు చుక్కలా అంటుకుని ఉంటుంది. దాని బంధువు స్కాండినేవియాలో లాప్‌ఫేలా, చాలా అరుదు. కనిపిస్తే చుట్టూ తొక్కకండి, ఎక్కడుందో బహిరంగంగా రాయకండి.

ఔలు_మాధవి
మొదటి ప్రశ్నలో పురుగులు 'తగ్గిపోతున్నాయా' అన్న ముక్కకి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. ఫిన్లాండ్ లాప్‌లాండ్‌లో కిట్టిలా దగ్గర ఫ్రాన్స్ సిలేన్ అనే అటవీ ఉద్యోగి 1895 నుంచి 1900 దాకా ఏ పువ్వు మీద ఏ పురుగు వాలిందో రాసి పెట్టాడు. అదే ప్రాంతంలో 2018, 2019లలో మళ్ళీ చూశారు. పువ్వు, పురుగు జతల్లో రెండు కాలాల్లోనూ కనిపించినవి 7 శాతమే. కొన్ని పూలకి ప్రత్యేకంగా వచ్చే హాక్‌మాత్‌లు (సీతాకోకల బంధువులైన పెద్ద చిమ్మటలు), సిర్ఫిడ్‌లు తగ్గాయి, దేని మీదైనా వాలే ఈగలు పెరిగాయి.
అంటే 'ఈగలున్నాయి కదా, ఫరవాలేదు' అని కూర్చోవడానికి లేదు. ఆ ఈగలు ఎక్కువగా ఉండటమే ఒక మార్పు కావచ్చు. జాకెన్‌బర్గ్‌లో కూడా వేసవి వేడెక్కేకొద్దీ పూత కాలం కురచైంది, పూల మీదికి వచ్చే పురుగులూ తగ్గాయి, 2013లో వచ్చింది ఆ లెక్క.

ఈగలమేడ
మాధవి గారి మాటకి తల ఒగ్గుతున్నా, ఒక్క జాగ్రత్తతో. 7 శాతం అంటే మిగతా 93 శాతం చచ్చిపోయాయని కాదు. జతలు అరుదైనవైతే రెండు వేసవుల్లో కంటపడకపోవచ్చు. రవళి గారి ఆరు లెక్కలకైతే ఏ వైపూ తీర్పు చెప్పే బలం లేదు. అదే గట్టు, అదే చట్రం, మంచు కరిగిన రోజు నుంచి రేకులు రాలేదాకా, ఏటా. అప్పుడే ఏదైనా తెలుస్తుంది.

మంచుమల్లి
ఇక్కడే అడుగుతున్నా. ఉమియో దగ్గర బురద నేలలో క్లౌడ్‌బెర్రీ బాగా పూసింది, కాయ లేదు. ఇదీ ఈగల సమస్యేనా?

గింజలసంచి
ముందు అవి పోతు పూలా, పెంటి పూలా చూడండి. తాటి చెట్టులాగే దీనికీ పోతు వేరు, పెంటి వేరు. పోతు పువ్వులో పసుపు తిత్తులతో కేసరాలు గుబురుగా ఉంటాయి, పెంటి పువ్వులో మధ్యన పచ్చటి అండాశయాలు, చుట్టూ పుప్పొడి లేని పొట్టి కేసరాలు. వేరుతో పాకే మొక్క కాబట్టి ఒక పెద్ద మడి మొత్తం పోతుదే కావచ్చు. అన్నీ పోతువైతే ఏ పురుగొచ్చినా కాయ రాదు. పెంటివి ఉండి కూడా రాకపోతే పూత టైములో రాత్రి మంచు దెబ్బ తగిలిందేమో చూడండి. దెబ్బ తిన్న పువ్వు మధ్యభాగం గోధుమ, నలుపు రంగుకి మారుతుంది. ఒక్కో కాడకి ఒక్కటే పువ్వు, అది పోతే ఆ ఏడుకి అంతే.

ఔలు_మాధవి
ఇంకో సంగతి చెవిన వేస్తున్నా. పురుగులకి మేలని లూపిన్ గింజలు చల్లకండి. ఆ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే. బంబుల్‌బీలు వస్తాయి, సీతాకోకలకి ఏమీ దొరకదు. పైగా నేలలో నత్రజని పెంచి, పేద నేలలో బతికే చిన్న పూలని నొక్కేస్తుంది. ఫిన్లాండ్‌లో తోట లూపిన్ నిషేధిత మొక్కల జాబితాలో ఉంది. పెరట్లో ఉంటే కాయ నల్లబడకముందే కోయండి, మళ్ళీ చిగురిస్తే మళ్ళీ. కోసింది అక్కడే వదిలేస్తే కాయ ఎండి చిటపట పేలి గింజ దూరంగా పడుతుంది, సంచిలో కట్టి చెత్తకి ఇవ్వండి. గింజ ఏళ్ళ తరబడి నేలలో బతికే ఉంటుంది. దాని బదులు పెరట్లో ఒక విల్లో చెట్టు కొట్టేయకుండా ఉంచండి. మంచు కరిగాక రాణి బంబుల్‌బీకి దొరికే తొలి తిండి దాని పూత.

రవళి_లూలియో
మళ్ళీ తీశాను. అదే గట్టు, మధ్యాహ్నం 12 నుంచి 2, ఎండ, నేల దగ్గర నీడలో 14 డిగ్రీలు, గాలి కొద్దిగా. చట్రంలో 38 పూలు. పది నిమిషాల్లో 17 సార్లు ఈగలు వాలాయి. అందులో రెండు చారలవి, గాల్లో నిలబడ్డాయి. చట్రం బయట ఆస్ట్రగాలస్ మీద ఒక బంబుల్‌బీ. ఆ చారల ఈగ ఏ జాతో చెప్పగలరా? ఫొటో పైనుంచి తీసింది మాత్రమే ఉంది.

ఈగలమేడ
పైనుంచి తీసిన ఫొటోతో జాతి చెప్పడం సాహసం. మొహం ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, రెక్క పరిచి ఉన్నప్పుడు ఒకటి కావాలి. రెక్క బయటి అంచుకి లోపల, అంచుకి సమాంతరంగా ఇంకో అంచులా గీత కనిపిస్తే సిర్ఫిడ్ అన్నది ఖాయం. రెక్క మధ్యలో దేనికీ అతకని ఒక దొంగ నరం కూడా ఉంటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు వెళ్తే పువ్వులో కదలకుండా కూర్చుని ఉంటాయి, అప్పుడు తీయండి.